వంగిన పలక పారేయకండి

వానాకాలంలో తలుపు బిగుసుకుంటుంది. ఎండాకాలంలో వదులవుతుంది. మీరు గమనించే ఉంటారు. ఎందుకలా?

చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అప్పుడు ఉబ్బుతుంది. తేమ పోతే ముడుచుకుంటుంది. చెట్టును కొట్టి ఎన్నేళ్లయినా చెక్క ఇలా కదులుతూనే ఉంటుంది.

తలుపు బిగిస్తే కాస్త చిత్రిక పడితే చాలు. మరి సంగీత వాయిద్యం అయితే? గిటారు సంగతి చూద్దాం.

బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. కరెంటు గిటారుకు సాధారణంగా పలకలు అతికిస్తారు. దాని ఒంట్లో డొల్ల ఉండదు. గట్టి చెక్కే. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950లో ఇలాంటి గిటార్లను అమ్మకానికి తెచ్చింది. ఒంటి మందం సుమారు ఒకటిముప్పావు అంగుళం. దాని మీద ఆరు ఉక్కు తీగలు. అన్నీ కలిసి 40 కిలోలకు పైగా బరువుతో లాగుతాయి. చెక్క వంకరగా ఉంటే గిటారు మెడ సరిగా కూర్చోదు. స్వరం తప్పుతుంది. చెక్కా దండగ, పడ్డ కష్టమూ దండగ.

పలక ఎందుకు వంగుతుంది?

కోసిన దుంగ చివర చూడండి. గుండ్రని గీతలు కనిపిస్తాయి. ఎండేటప్పుడు చెక్క ఆ గీతల వెంట ఎక్కువ ముడుచుకుంటుంది. గీతలకు అడ్డంగా అందులో సుమారు సగమే ముడుచుకుంటుంది. అందుకే పలక దోనెలా వంగుతుంది. బెరడు వైపు గుంట పడుతుంది. చెట్టు నడిమి వైపు ఉబ్బుతుంది.

"నీళ్లు చల్లి బండ పెడితే చదును కాదా?" అంటారు కొందరు. అవుతుంది. కానీ బండ తీసి, చెక్క ఎండాక మళ్లీ వంగుతుంది. వంగిన పలకను బలవంతంగా బిగించి అతికించినా అంతే. అది లోపల్లోపల లాగుతూనే ఉంటుంది. ఒకనాటికి అతుకు విడిపోతుంది.

మరి ఏం చేయాలి?

1. ముందు ఆరనివ్వండి. పలకల మధ్య సన్నని బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చండి. పచ్చి చెక్కకు అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క.

2. వెడల్పు పలకను నిలువునా రెండుగా కోయండి. 14 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న పలకలో అర అంగుళం గుంట ఉందనుకోండి. అలాగే చదును చేస్తే ఒకటిన్నర అంగుళమే మిగులుతుంది. గిటారుకు చాలదు. రెండుగా కోస్తే ఒక్కో ముక్కలో గుంట అంగుళంలో ఎనిమిదో వంతే ఉంటుంది. ఇప్పుడు మందం సరిపోతుంది.

3. ఉబ్బు పైకి ఉండేలా పెట్టి చిత్రిక పట్టండి. అలా పెడితే పలక ఊగదు. తర్వాత తిప్పి రెండో వైపు పట్టండి.

4. మెలి ఉందేమో చూడండి. పలక రెండు చివర్లా ఒక్కో తిన్నని బద్దను అడ్డంగా పెట్టండి. వంగి, కన్ను బద్దల ఎత్తుకు తెచ్చి చూడండి. రెండు అంచులూ ఒకే వరుసలో ఉంటే మెలి లేనట్టే.

5. కొద్ది రోజులు ఆగండి. కోసిన చెక్క మళ్లీ కాస్త కదలవచ్చు. కదిలితే మరోసారి చిత్రిక పట్టండి.

6. అతికే అంచులను మూలమట్టంతో సరిచూడండి. రెండు ముక్కల మధ్య వెలుతురు కనబడకూడదు. ఒక ముక్కకు చెట్టు నడిమి వైపు పైకి ఉంటే, రెండో ముక్కకు కిందికి ఉంచండి. ఒకటి అటు వంగబోతే రెండోది ఇటు వంగబోతుంది. మొత్తం పలక చదునుగా నిలుస్తుంది. పీచు మాత్రం రెండింటికీ పొడవునా ఒకే వైపు ఉండాలి.

7. రెండు అంచులకూ తెల్ల జిగురు పలచగా రాసి బిగించండి. అతుకు వెంట జిగురు చిన్న చిన్న బొట్లుగా బయటికి వస్తే చాలు. రాత్రంతా కదపకండి.

గిటారుకే కాదు, పీటకూ బల్లకూ ఇదే పద్ధతి. మీ ఇంట్లో వంగిన పలక ఏదైనా ఉందా? దాని చివర గీతలు చూడండి. బెరడు వైపు ఏదో మీరే చెప్పగలరు.