డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ రాలేదు! వెబ్‌సైట్‌లో పేమెంట్ ఎలా టెస్ట్ చేయాలి?

ఈరోజు ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

ఆత్రేయపురం పూతరేకులు తెలుసు కదా, 2023లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. అక్కడ మా బాబాయ్‌కి చిన్న పూతరేకుల షాపు ఉంది. "ఒరేయ్, మాకో వెబ్‌సైట్ చేసిపెట్టరా" అన్నారు. చేశాను. నా ఫోన్‌లో రెండుసార్లు పే చేసి చూశా, రెండూ సక్సెస్. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నా.

భోగికి ముందు రోజు హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "డబ్బులు కట్ అయి వారం అయింది, పూతరేకులు ఏవి బాబూ?" అని. చూస్తే ఆర్డర్ల లిస్టులో ఆవిడ పేరే లేదు. గేట్‌వే డాష్‌బోర్డులో మాత్రం డబ్బులు పడి ఉన్నాయి. పండగ పూట బాబాయ్ ఆవిడకి ఎన్నిసార్లు సారీ చెప్పారో!

తప్పు గేట్‌వేది కాదండి, నాది. కస్టమర్ తిరిగి మన థ్యాంక్యూ పేజీకి వస్తేనే ఆర్డర్ సేవ్ అయ్యేలా కోడ్ రాశాను. ఆవిడ యూపీఐ యాప్‌లో పిన్ కొట్టి, బ్రౌజర్‌కి రాకుండా ఫోన్ పక్కన పెట్టేశారు. అందరం అలాగే చేస్తాం కదా!

దీనికి మందు వెబ్‌హుక్. అంటే ఏం లేదు, పేమెంట్ అవ్వగానే గేట్‌వే సర్వర్ నేరుగా మన సర్వర్‌కి కబురు పంపుతుంది. కస్టమర్ ఫోన్ స్విచాఫ్ అయినా కబురు వస్తుంది. ఆ కబురు నిజంగా గేట్‌వే పంపిందేనా అని సిగ్నేచర్ చెక్ చేసి, అప్పుడే ఆర్డర్‌ని "పెయిడ్" అని మార్చాలి.

ఇప్పుడు సెటప్ చూద్దాం. ఉదాహరణకి రేజర్‌పే తీసుకుందాం. అకౌంట్ తెరవగానే టెస్ట్ మోడ్ ఉంటుంది, అందులో అసలు డబ్బు కదలదు. రెండు కీలు ఇస్తారు. కీ ఐడీ పేజీలో కనిపించినా పర్లేదు. కీ సీక్రెట్ మాత్రం మన సర్వర్ దాటకూడదు, గిట్‌హబ్‌లో అసలు పెట్టొద్దు.

అమౌంట్ పైసల్లో పంపాలి. ₹500 బాక్స్‌కి 50000 అని రాయాలి. 500 అని రాశారంటే బాక్స్ ₹5కే పోతుంది! ఇంకోటి, ధర సర్వర్‌లోనే లెక్కకట్టండి. బ్రౌజర్‌లో ఉన్న అంకెని ఎవరైనా మార్చేయగలరు.

ఇక టెస్టులు. ఒక్క సక్సెస్ చూసి ఆగిపోకండి, ఈ నాలుగూ చేయండి:

1. పేమెంట్ సక్సెస్: ఆర్డర్ ఒక్కటే పడిందా?
2. పేమెంట్ ఫెయిల్: ఆర్డర్ "పెయిడ్" అవ్వకుండా ఉందా? మళ్లీ ట్రై చేసే బటన్ వచ్చిందా?
3. పే చేసి వెంటనే ట్యాబ్ మూసేయడం: అయినా ఆర్డర్ పడిందా? నేను వదిలేసింది ఇదే.
4. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు రావడం: మన సర్వర్ టైమ్‌కి జవాబివ్వకపోతే గేట్‌వే మళ్లీ పంపుతుంది. అప్పుడు రెండు పార్శిళ్లు వెళ్లకూడదు. అందుకే పేమెంట్ ఐడీ దాచుకుని, ముందే ఉంటే వదిలేయాలి.

ల్యాప్‌టాప్‌లో నడిచే లోకల్‌హోస్ట్‌కి వెబ్‌హుక్ నేరుగా రాదు. ఎన్‌గ్రోక్ లాంటి టనెల్ వాడండి.

అన్నీ పాసయ్యాక కేవైసీ పూర్తి చేసి లైవ్ కీలు పెట్టండి. లైవ్ మోడ్‌కి వెబ్‌హుక్ మళ్లీ విడిగా పెట్టాలి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. చివరగా ₹1 నిజంగా పే చేసి, రిఫండ్ కూడా చేసి చూడండి.

ఆవిడకి పూతరేకులు కనుమ దాటాక చేరాయి. మీ కస్టమర్‌కి అలా జరగకూడదంటే, ఈరోజే మూడో టెస్ట్ చేసి ఏమైందో కామెంట్‌లో చెప్పండి. ఉంటానండి మరి!