కణుజు జాడ: అడవి నేల చెప్పే సాక్ష్యం

దక్షిణ భారతంలోనూ, సింహళంలోనూ ఆంగ్లేయ వేటగాళ్ళు ఒక పెద్ద జింకను ‘ఎల్క్’ అని వ్యవహరించేవారు. నిజమైన ఎల్క్ ఉత్తరాన శీతల దేశాల మృగం. వారు చూచినది మన కణుజు. తెలుగులో కడితి అని కూడా అంటారు. మలయా భాషలో దాని పేరు ‘రూసా’. శాస్త్రజ్ఞులు దాని ప్రజాతికి ఆ మాటనే నామంగా స్వీకరించారు. మగది 200 కిలోలకు మించి పెరిగినా, ఈ మృగం పగలు పొదలలో దాగి, చీకటి పడిన పిదప మేతకు వెలువడుతుంది. కనుక వేటగాడికైనా, పరిశోధకునికైనా ముందుగా లభించేది దాని ఆనవాలే.

ముద్రలలో భేదాలు

కణుజు గిట్ట రెండుగా చీలి, కొన ముందుకు సన్నగిలుతుంది. అడవిపంది గిట్టయూ చీలినదే; కాని మెత్తని నేలపై దాని వెనుక ఇరుపక్కలా చిన్న గిట్టల గుర్తులు కూడా పడతాయి. మన పిల్లలు బడిలో చదివే ‘సాంగ్ కంచిల్’ కథలలోని మూషిక జింక ముద్ర బొటనవ్రేలి గోరంత మాత్రమే. టేపిర్‌కు ముందుకాలికి నాలుగు, వెనుకకాలికి మూడు వ్రేళ్ళు. పులి నడిచేటప్పుడు గోళ్ళను లోనికి ముడుచుకొంటుంది కనుక దాని అడుగులో సాధారణంగా గోటి గుర్తు కనబడదు.

జాడ ఏ జంతువుదో తెలిస్తే చాలదు. ఎప్పటిదో కూడా తెలియాలి. ఇందుకు మలేషియా వర్షమే గడియారం. ముద్రలోపల వానచినుకుల గుంటలు ఉంటే జంతువు వానకు ముందు నడిచినది. చినుకుల గుంటలను అణచివేస్తూ ముద్ర పడి ఉంటే వాన వెలిసిన తరువాత నడిచినది. గిట్ట క్రింద నలిగిన ఆకు ఇంకా వాడకపోతే జంతువు సమీపంలోనే ఉండవచ్చు.

పెంటికలూ కాలాన్ని తెలుపుతాయి. తాజావి తడిగా మెరుస్తాయి. అయితే ఉష్ణమండలపు వానలు, పేడపురుగులు వాటిని త్వరగా మాయం చేస్తాయి. అవి ఎంత కాలం నిలుస్తాయో ముందుగా కొలవక, కేవలం పెంటికలను లెక్కించి జంతువుల సంఖ్యను నిర్ణయిస్తే లెక్క తప్పుతుంది.

కొరికిన కొమ్మ కూడా సాక్షియే. జింకకు పైదవడ ముందుపళ్ళు లేవు. అది ఆకును పట్టి లాగి తెంపుతుంది. కొన చిరిగినట్లుంటే జింక తిన్నదనీ, కత్తితో కోసినట్లుంటే ఎలుకజాతి ప్రాణి కొరికినదనీ ఊహించవచ్చు. లేత చెట్ల బెరడు చీరుకొని పోయి ఉంటే మగ కణుజు కొమ్ములను రాచిన చోటు కావచ్చు.

వేట విద్య, రక్షణ విద్య

ఆకులలో సోడియం తక్కువ కావడం చేత శాకాహార మృగాలు ఉప్పునేలలను వెదకుకొంటూ వస్తాయి. పహాంగ్, కెలాంతాన్, తెరెంగాను రాష్ట్రాలలో 4,343 చదరపు కిలోమీటర్లు విస్తరించిన తమన్ నెగారాలో ఇట్టి చోట్ల ‘బుంబున్’ అనే మాటుగుడిసెలు నిర్మించారు. వేటగాడు మాటు వేసే స్థలమూ ఇట్టిదే. ఉచ్చులు పన్నే దొంగవేటగాడు ఎంచుకొనేదీ ఇట్టిదే.

ఇక్కడే అసలు ప్రమాదం ఉన్నది. కణుజు పులికి ముఖ్యాహారం. దొంగవేట వలన కణుజుల సంఖ్య క్షీణించగా 2009లో ప్రభుత్వం వాటి వేటను తాత్కాలికంగా నిషేధించింది. 2016 నుండి 2020 వరకు జరిగిన జాతీయ గణనలో, అడవులలో మిగిలిన మలయా పులులు 150 కన్న తక్కువేనని తేలింది. కణుజు అడుగు కనబడని అడవిలో పులి అడుగు కూడా ఎంతో కాలం నిలువదు.

అందుచేత పూర్వం వేటకు ఉపకరించిన విద్య నేడు రక్షణకు ఉపకరిస్తున్నది. ఓరాంగ్ అస్లీ గిరిజనులు అటవీ గస్తీలలో పాల్గొని, వంచిన కొమ్మను, తొక్కిన గడ్డిని చూచి తీగ ఉచ్చుల జాడ కనిపెడుతున్నారు. నల్లమలలో చెంచులు చేస్తున్న సేవయూ ఇట్టిదే. స్వయంచాలిత కెమెరాను ఏ చెట్టుకు కట్టాలో చెప్పేది కూడా ఈ జాడల జ్ఞానమే.

రబ్బరు, కొబ్బరి తోటలలో శ్రమించిన మన పూర్వులకు ఈ అడవి పొరుగుననే ఉండేది. సెలవు దినాన వాన వెలిసిన పిదప పిల్లలను అడవి బాటకు తీసుకొని వెళ్ళి, ఒక ముద్ర వద్ద ఆగి, “ఇది వానకు ముందా, తరువాతా?” అని అడిగి చూడండి. పరిశీలన, తర్కం, నిర్ధారణ అనే శాస్త్రవిధానమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది.