నొసటి మీద ముంగురులు ఎవరికి నప్పుతాయి?

నా నొసలు వెడల్పు. తరగతిలో అందరూ ‘గ్రౌండు’ అని పిలిచేవారు. అందుకే దసరా సెలవుల్లో వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు పోయి సాధన కటింగ్ చేయించుకున్నాను. హిందీ నటి సాధన నొసలు కూడా వెడల్పే! 1960లో వచ్చిన ‘లవ్ ఇన్ సిమ్లా’ సినిమా కోసం దర్శకుడు ఆర్.కె. నయ్యర్ ఆమెకు ఆడ్రీ హెప్‌బర్న్ లాగా ముందు జుట్టు కత్తిరింపించాడు. ఆ పేరే నిలిచిపోయింది.

కోల ముఖం, పెద్ద నొసలు ఉంటే కనుబొమల దాకా నిండుగా ఉండాలి. గుండ్రటి ముఖమైతే ఒక పక్కకు వాల్చాలి. నొసలు చిన్నగా ఉన్నవాళ్ళు జోలికి పోవద్దు. ఉంగరాల జుట్టును తడి మీద కనుబొమల దాకా కోస్తే, ఆరినంక పైకి లేస్తుంది. నాకు గట్లనే అయింది! వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. మూడు నెలలు పిన్నులతోనే గడిపాను.

చెంపల పక్క జుట్టు మాత్రం కోయనీయకండి. మన లంబాడీలలో పెండ్లయినవాళ్ళ వెండి టోప్లీలు దానికే వేలాడేది. తాండాకు పోగానే దాదీ, “అదిగూడ కోసినవా? రేపు టోప్లీ దేనికి కడ్తవే?” అని కోపం చేసింది. చూపించాను. వేళ్ళతో లాగి చూసి, “సరే తియ్, ఆగుతది” అన్నది.