పాత క్రోనోగ్రాఫ్ గడియారమును పరీక్షించుట యెట్లు?

మన భవాని పేట్ యందు మగ్గములపై జీవితము గడపిన పెద్దల పెట్టెలు తెరచినచో, ఒక్కొకచో పాత చేతిగడియారము కానవచ్చును. “ఇది అసలుదేనా?” యని పిల్లలడుగుదురు. అమ్మదలచినవారికిని, కొనదలచినవారికిని అదియే ప్రశ్న.

క్రోనోగ్రాఫ్ అను గ్రీకు పదమునకు కాలమును వ్రాయునది యని యర్థము. 1821లో ఫ్రాన్సు దేశీయుడగు నికొలా ర్యూసెక్ గుఱ్ఱపుపందెములలో డయలుపై సిరాచుక్క వేయు యంత్రమును వాడెను. ఆ పేరు నేటికిని నిలిచినది. పెద్ద సెకండ్ల ముల్లు తిరిగినంత మాత్రమున గడియారము క్రోనోగ్రాఫ్ కాదు. వేళ చూపుచునే, కోరినపుడు వేఱొక ముల్లు బయలుదేరి, ఆగి, మరల సున్నకు చేరవలెను. కీకి ఇరుప్రక్కల బొత్తాములును, నిమిషములు లెక్కించు చిన్న డయలును సాధారణముగా నుండును.

మొదటి పరీక్ష బొత్తాములది. నొక్కగా ముల్లు తడబడక కదలవలెను. సున్నకు సరిగా చేరవలెను. లాండెరాన్ 48 యంత్రములో పై బొత్తాము నడుపుటకే. ఆపుటకును, సున్నకు చేర్చుటకును క్రింది బొత్తామే. అది లోపము కాదు.

రెండవది డయలు. అక్షరములు సన్నముగా, సమముగా నుండవలెను. పూర్వము చీకటిలో వెలుగుటకు రేడియము పూసెడివారు. 1960ల నుండి ట్రిటియము వాడుకలోనికి వచ్చెను. ట్రిటియము సుమారు 12 ఏండ్లకు సగమగును. 50 ఏండ్లకు పదునారవ వంతే మిగులును. కావున పాతదని చెప్పబడినది మిక్కిలి వెలిగినచో, పూత క్రొత్తదని శంకింపవలెను. రేడియపు పూతను మాత్రము గీకరాదు. ఆ ధూళి హానికరము.

మూడవది లోపలి యంత్రము. నేర్పరియగు మరమ్మతుదారునిచే మూత తీయించి, పేరును, సంఖ్యను చూడవలెను. వాల్జూ 7733 యంత్రము 1960ల చివర వచ్చినది; 1950 నాటిదను గడియారములో అది యున్నచో మాట పొసగదు. వీనస్ 175 యంత్రపు పనిముట్లు చైనాకు చేరినవి. దాని సంతతి నేటికిని తయారగుచున్నది. “1963” అను పేర వచ్చునవి క్రొత్తవే. అవి నకిలీలు కావు. పాతవని యమ్ముటయే మోసము.

చాదరు కొనునపుడు మనము వెనుకకు త్రిప్పి చూతుము గదా! గడియారమునకును అదియే నీతి.

ఒక మాట సిగ్గుతో చెప్పుచున్నాను. మా తాతగారి గడియారము మాసినదని ఒక మరమ్మతుదారునకిచ్చి, డయలుకు క్రొత్త రంగు వేయించి, కేసునకు మెరుగు పెట్టించితిమి. అది నేడు మెరయుచున్నది. కాని ఆయన చేతి గుర్తులన్నియు చెరగిపోయినవి. తల్లిదండ్రులారా, నూనె వేయించుడు, రంగు వేయింపకుడు. కొన్న రసీదును, దానిని ధరించిన పెద్దల ఫోటోను గడియారముతోబాటు భద్రపరచుడు. ఆ వస్తువునకు అవియే గట్టి సాక్ష్యములు.