రెండవ సూత్రధారి

బాస్కెట్‌బాల్ జట్టులో ఈ యేడే క్రొత్తగా చేరిన కుఱ్ఱవానిని, ప్రధానుడైన పాయింట్ గార్డు అలసినప్పుడో గాయపడినప్పుడో అతని స్థానమున నిలుపవచ్చునా, నిలిపినచో ఆ భారమును వాడు వహింపగలడా యను ప్రశ్న, కోట్ల డాలర్ల వ్యయముతో నడచు అమెరికా వృత్తిజట్ల శిక్షకులను ఎంతగా వేధించుచున్నదో, సాయంకాలము బడి విడిచిన పిమ్మట పన్నెండుగురు పిల్లలను ప్రోగుచేసి జిల్లా పోటీలకు తీర్చిదిద్దు బద్వేలు వ్యాయామోపాధ్యాయుని సైతము అంతగానే వేధించును. ప్రశ్న చిన్నదే, కాని దానికి సాధారణముగా మనవారు సమాధానము వెదకు త్రోవ సరియైనది కాదు. క్రొత్తవానిని ప్రధాన క్రీడాకారుని సరసన నిలిపి, ఇరువురిని ఒకే త్రాసున తూచి, వీడు తేలికయయ్యెను గనుక ఇంకను సిద్ధము కాలేదని త్రోసివేయుదురు. మొదటివానితో సరితూగువాడే యైనచో వాడు రెండవవా డేల యగును? రెండవవానియందు చూడవలసిన గుణము వేఱొకటి కలదు.

ఆట తెలియని పాఠకుల కొఱకు కొంత వివరింతును. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామాచార్యుడు చలికాలమున ఇంటిలోపల ఆడుకొనుటకై కల్పించిన ఈ క్రీడయందు, పక్షమునకు ఐదుగురు చొప్పున నిలిచి, పది అడుగుల యెత్తున బిగించిన ఇనుప వలయములో బంతిని వేయ యత్నింతురు. అంతర్జాతీయ నియమములలో కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు; బంతి చేజిక్కిన జట్టు 8 సెకన్లలో దానిని నడిమిగీత దాటింపవలెను, 24 సెకన్లలోపల వలయముపై గుఱిచూచి వేయవలెను. ఈ రెండు గడువుల నడుమ బంతిని నేలపై తట్టుచు ముందునకు గొనివచ్చి, ఎవరు ఏ మూల నిలువవలెనో కనుసన్నతోను చేసైగతోను తెలిపి, ఏ క్షణమున ఎవనికి బంతి నందింపవలెనో నిశ్చయించువాడే పాయింట్ గార్డు. తక్కిన నలుగురిలో ఒకడు తడబడినను మిగిలినవారు సర్దుకొనగలరు. ఈ సూత్రధారి తడబడినచో నలుగురును దిక్కుతెలియక నిలిచిపోవుదురు.

ఇక ప్రధానుడు ఆట ఆరంభమునుండియు ఆడువాడు. అతని దేహము వేడెక్కియుండును. పాయింట్లు ఇరుపక్షములకును సున్నయే. ఎదుటివారును అప్పుడే ఊపిరి బిగించుచుందురు. రెండవవాని స్థితి యట్టిది కాదు. బెంచిపై కూర్చుండి చల్లబడిన కాళ్లతో, ఇతరులు తెచ్చిపెట్టిన ఆధిక్యమునో వెనుకబాటునో నెత్తిన వేసికొని, అప్పటికే వేగము పుంజుకొన్న ఆట నడుమకు వాడు దిగవలెను. వాడు దిగిన మఱునిముసముననే ఎదుటి జట్టు కన్ను వానిపై పడును. క్రొత్తవాడని పసిగట్టి, నడిమిగీత దాటకమునుపే ఇరువురు చుట్టుముట్టి, బంతిని లాగికొన జూతురు. అమెరికా వృత్తిపోటీలలో ఆట 48 నిమిషములు. మొదటివాడు అందులో ముప్పదియైదు నిమిషముల వఱకు ఆడినను, మిగిలిన పదుమూడు నిమిషములును ఎవడో యొకడు జట్టును నిలబెట్టవలసినదే. ఆ నిమిషములలో వాడు ఆటను గెలిపింపనక్కఱలేదు. మొదటివాడు కూడబెట్టినదానిని చెదరనీయక, అతడు మరలి వచ్చునప్పటికి జట్టు రూపు చెడకుండ అప్పగించిన చాలును.

ఈ మాట మన సీమవారికి చెఱువును చూపి చెప్పినచో సులువుగా బోధపడును. బద్వేలునకు ఉత్తరమున నున్న పోరుమామిళ్ల చెఱువును బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు కట్టించెను. 1369నాటి యచ్చటి శాసనము మేలైన చెఱువునకు పండ్రెండు అంగములు ఉండవలెననియు, ఆఱు దోషములు ఉండరాదనియు విస్తరించి చెప్పుచున్నది. కఱవులు ఎక్కువైన మన ప్రాంతమున ఏండ్ల తరబడి చెఱువు అలుగుమీదుగా చుక్క నీరైన పాఱదు. తెలియనివాడు చూచి, నీరు పాఱని ఈ రాతికట్టడమునకు ఇంత వ్యయమేల యని యడుగవచ్చును. కాని తుపాను వచ్చిన రాత్రి కట్ట తెగక నిలుచుట ఆ అలుగు చలువయే. అలుగును పొలము తడుపుమని యెవరును కోరరు, తడుపలేదని తూములతో పోల్చి నిందింపరు. అది చేయవలసిన పని వేఱు, ఆ పనికి అది యెల్లప్పుడును సిద్ధముగా నుండవలెను.

ఇట్టి రెండవ సూత్రధారులలో మన కాలమున పేర్కొనదగినవాడు ఇండియానా జట్టునకు ఆడు టి.జె. మెకానెల్. 2015లో వృత్తిజట్లు క్రొత్తవారిని ఎంచుకొనునప్పుడు ఏ జట్టును అతని పేరు పలుకలేదు. ఎంపిక ముగిసిన తరువాత ఫిలడెల్ఫియా జట్టు అతనిని చేర్చుకొనెను. పదియేండ్ల పిమ్మట, 2025 జూన్‌లో, ఓక్లహోమా సిటీతో జరిగిన తుది పోరాటములలో మూడవ ఆటయందు అతడు బెంచినుండి లేచివచ్చి, పది పాయింట్లు చేసి, ఐదుమాఱులు సహచరులచేత పాయింట్లు చేయించి, ఐదుమాఱులు ఎదుటివారినుండి బంతిని తస్కరించెను. ఏడవ ఆట మొదటి భాగముననే ప్రధానుడైన హాలిబర్టన్ కాలి మడమ నరము తెగి కుప్పకూలగా, ఆ రాత్రి సూత్రధారిత్వమున చాలభాగము ఈతనిపై పడెను. జట్టు ఓడినది, కాని మెకానెల్ తన పదునాఱు పాయింట్లతో ఆటను విడువక పట్టియుంచుట చూచినవారికి, రెండవవాని సంసిద్ధత యన నేమో తెలిసివచ్చెను. క్రొత్తగా వచ్చిన యేట ఇతనిని మొదటివారితో తూచి పంపివేసియుండినచో ఈ దృశ్యము మనకు దక్కెడిది కాదు.

తెలుగునాట బాస్కెట్‌బాల్ వీరుల కథలు పత్రికల కెక్కుట అరుదు. కాని ఈ ప్రశ్నకు మనలోనే దృష్టాంతము కావలెనన్నచో క్రికెట్ వైపు చూచి, విశాఖపట్టణమువాడైన కోన శ్రీకర భరత్ కథను పరిశీలింపవలెను. వికెట్‌కీపరునకును పాయింట్ గార్డునకును గట్టి పోలిక కలదు. జట్టులో అట్టి స్థానము ఒక్కటే, ప్రతి బంతితోను వానికి పని, మొదటివాడు కదలిననే గాని రెండవవానికి చోటు లేదు. బ్యాట్స్‌మన్ మూడవ స్థానము దొరకనిచో ఆఱవ స్థానమునకై వేచియుండవచ్చును. కీపరున కట్టి వీలు లేదు. భరత్ 2015లో రంజీ పోటీలయందు గోవాపై 308 పరుగులు చేసి, ఆ పోటీల చరిత్రలో త్రిశతకము సాధించిన తొలి వికెట్‌కీపరుగా పేరొందినవాడు. అయినను భారతజట్టులో అతనికి దక్కినది బెంచియే. వృద్ధిమాన్ సాహా, రిషభ్ పంత్ ముందుండగా, అతడు జట్టు వెంట దేశములు తిరిగి, సాధన చేసి, ఆడకయే మరలి వచ్చుచుండెను.

2021 నవంబరు 27న కాన్పూరులో న్యూజీలాండుతో జరుగుచున్న టెస్టు మూడవనాటి ఉదయము, సాహాకు మెడ పట్టివేయగా, అప్పటికి ఒక్క టెస్టైనను ఆడని భరత్ చేతికి తొడుగులు వచ్చినవి. ప్రత్యామ్నాయముగా దిగినవాడు వికెట్ల వెనుక నిలుచుటకు 2017నుండి మాత్రమే నియమములు అనుమతించుచున్నవి. అదియు అంపైర్లు సమ్మతించిననే. అప్పటికి న్యూజీలాండు తొలి జోడి 151 పరుగుల వఱకు చెక్కుచెదరక నిలిచినది. అశ్విన్ వేసిన బంతి యొకటి లేవక నేలబారుగా వచ్చి విల్ యంగ్ బ్యాటు నంటెను. భరత్ వంగి దానిని నేలకు అంగుళముల యెత్తున పట్టెను. అంపైరు కాదనెను. ఇక్కడ చూడుడు: బంతి పట్టుట నేర్పు, కాని అంతకుమించి, ఆ ఉదయమే మైదానములోనికి వచ్చిన ఈ యువకుడు, సారథియైన రహానే వద్దకు పోయి, బంతి బ్యాటును తాకినదని గట్టిగా చెప్పి, పునఃపరిశీలన కోరునట్లు ఒప్పించెను. అది నిజమయ్యెను, యంగ్ 89 పరుగులకు వెనుదిరిగెను. పిమ్మట అక్షర్ పటేల్ బంతికి టేలర్‌ను పట్టెను, లేథమ్‌ను 95 వద్ద స్టంపు చేసెను. ఆ మూడును స్కోరుపట్టికలో ప్రత్యామ్నాయపు ఆటగాని పేర చేరినవే గాని, భరత్ టెస్టు లెక్కలలో ఒక్కటియు చేరలేదు. ఆ మూడింటిని లెక్కింపని లెక్కలను పట్టుకొని అతని విలువ కట్టువారిని చూచినప్పుడెల్ల నాకు బాధ కలుగును.

తరువాతి కథ వేఱు. 2022 డిసెంబరు 30న పంత్ కారు ప్రమాదమున తీవ్రముగా గాయపడగా, 2023 ఫిబ్రవరి 9న నాగపూరులో ఆస్ట్రేలియాపై భరత్ మొదటివాని హోదాలో టెస్టు ఆడెను. మొత్తము ఏడు టెస్టులు, పండ్రెండు ఇన్నింగ్సులు, 221 పరుగులు. అహమ్మదాబాదులో చేసిన 44 అత్యధికము. 2024 జనవరిలో హైదరాబాదులో ఇంగ్లండుపై 41, 28 చేసి ఫరవాలేదనిపించెను. కాని మఱుసటి టెస్టున, సొంతవూరు విశాఖలో 17, 6 మాత్రమే చేయగా, రాజకోటలో ఆ స్థానము ధ్రువ్ జురెల్‌కు పోయెను. జురెల్ రాంచీలో 90, అజేయముగా 39 చేసి స్థానమును పదిలపఱచుకొనెను. పంత్ కోలుకొని మరలి వచ్చిన పిమ్మట అట్టి జురెలే 2025 జూలైలో, లార్డ్సు మైదానమున పంత్ వ్రేలికి దెబ్బ తగిలినప్పుడు, కాన్పూరులో భరత్ చేసిన పనినే చేయుటకు బెంచినుండి లేచివచ్చెను.

భరత్ విఫలుడయ్యెనని చెప్పువారు రెండు పరీక్షలను ఒకటిగా కలిపివేయుచున్నారు. రెండవవానిగా అతడు పరీక్షింపబడినది కాన్పూరులో. అందు అతడు పూర్తిగా నెగ్గెను. మొదటివానిగా పరీక్షింపబడినప్పుడు బ్యాటింగ్ చాలలేదు. అది వేఱు విషయము. ఒక పరీక్షలో తప్పినందున వెనుకటి పరీక్షలోని మార్కులను కొట్టివేయుట న్యాయము కాదు. అట్లే, రెండవస్థానమునకు తగినవానిని రేపు మొదటిస్థానమునకు పనికిరాడేమో యను శంకతో నేడు దూరముగా నుంచుటయు తెలివి కాదు.

వయస్సు చాలదు, అనుభవము చాలదు అను ఆక్షేపణము ఒకటి వినవచ్చును. మన కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలపు బిడ్డ శ్రీచరణి దానికి తగిన ప్రత్యుత్తరము చెప్పినది. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో భారత మహిళల క్రికెట్ జట్టున తొలియాట ఆడి, జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తన తొలి టీ20 పోటీలో పండ్రెండు పరుగులకు నాలుగు వికెట్లు తీసి, ఆ యేటి నవంబరు 2న ప్రపంచకప్పు గెలిచిన జట్టులో పదునాలుగు వికెట్లతో నిలిచినది. ఇదంతయు ఏడు నెలల లోపలి మాట. అయినను ఒక భేదమును గమనింపవలెను. బౌలరునకు తన ఓవర్లు తనవి. అవి ముగిసిన పిమ్మట గుండె నిబ్బరము చేసికొనుటకు కొంత వ్యవధి యుండును. పాయింట్ గార్డునకు ఆ వ్యవధి లేదు. కావున క్రొత్తవానియందు ప్రతిభకన్న ముందుగా పరీక్షింపవలసినది, తప్పు చేసిన మఱుక్షణమున వాడేమి చేయునన్నది. బంతిని పోగొట్టుకొని తల వంచుకొని నిలుచునా, ఎదుటివానిని వెంబడించి వెనుకకు పరుగెత్తునా? మరల బంతి వచ్చినప్పుడు దానిని వదిలించుకొన జూచునా, అడిగి తీసికొనునా? బెంచిపై నున్నంతసేపు ఎదుటి జట్టు సూత్రధారి ఏ ప్రక్కకు మొగ్గుచున్నాడో చూచుచుండెనా, లేక ప్రక్కవానితో ముచ్చటలాడుచుండెనా? ఈ సంగతులు పాయింట్ల పట్టికలో కనబడవు. దగ్గఱనుండి చూచు ఉపాధ్యాయునకు వారము దినములలో తెలిసిపోవును.

మన పాఠశాలలలో లోపము పిల్లలది కాదు. పోటీకి పన్నెండు పేర్లు వ్రాసి పంపుదురు. సాధనలో మాత్రము బంతి మొదటి ఐదుగురి చేతులలోనే తిరుగును. మిగిలినవారు గీత బయట నిలిచి, బయటికి పోయిన బంతిని తెచ్చియిచ్చుచుందురు. అట్టి పిల్లవానిని జిల్లా పోటీలో, మొదటివానికి ఐదవ ఫౌల్ పడి వెడలిపోయిన తరుణమున హఠాత్తుగా దింపి, వాడు రెండుమాఱులు బంతిని చేజార్చుకొనగా, వీనికింకను కాలము రాలేదని తీర్పు చెప్పుట వానికెంత అన్యాయము! సాధనలో ప్రతిదినమును రెండవవానికి బంతి నిచ్చి, మొదటివానినే వాని మీదికి పంపి, కోర్టు ఈ కొననుండి ఆ కొనవఱకు చుట్టుముట్టనిండు. అంతకన్న కఠినమైన పరీక్ష వానికి జిల్లా పోటీలలో ఎదురుకాదు. మొదటివానికిని అందువలన లాభమే.

కనుక క్రొత్తవాడు సిద్ధముగా నున్నాడా యని నన్నడిగినచో, ఎనిమిది సెకన్లలో బంతిని నడిమిగీత దాటింపగలిగి, తప్పు చేసిన పిమ్మట వెనుకకు పరుగెత్తువాడైనచో సిద్ధమే యందును. వలయములో వేయుట, సహచరులచేత వేయించుట తొలి యేడు తక్కువైనను సహింపవచ్చును. అట్టివానిని బిగువైన ఆట చివరి నిమిషములలో గాక, రెండవ భాగపు ఆరంభమున, మొదటివాడు నీళ్లు త్రాగుచు విశ్రమించు నాలుగు నిమిషములపాటు దింపవలెను. ఒకటి రెండు తప్పులకే వెనుకకు పిలువరాదు. మఱుసటి ఆటలోను అవే నాలుగు నిమిషములు వానికి ఇచ్చితీరవలెను.