అవ్వ మాట వినే ఫోన్

మీరు కోచింగ్‌కో, కొలువుకో హైదరాబాద్ వచ్చేశారు. లింగాలలో ఇంటి దగ్గర అవ్వ ఒక్కతే ఉంటుంది. చూపు సరిగ్గా ఆనదు. మీరు ఫోన్ చేస్తే ఎక్కడ నొక్కాలో తెలియక ఆమె తడుముకునేలోపే రింగు ఆగిపోతుంది. తిరిగి చేయాలంటే పక్కింటి పిల్లగాడు బడి నుంచి రావాలి. వలసల పాలమూరులో ఇలాంటి ఇళ్లు కొత్తేం కాదు.

ఆ పిల్లగాడి కోసం ఎదురుచూసే అవసరం తప్పించొచ్చు. ఇంట్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనే చాలు. కావాల్సింది మీ ఒక పూట.

అంతకంటే ముందు అవ్వను కంటి డాక్టరుకు చూపించండి. కంట్లో పొర, అంటే శుక్లం అయితే ఆపరేషన్‌తో చూపు వస్తుంది. 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో చాలామందికి అద్దాలు ఇచ్చారు. కానీ నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. షుగర్ వల్ల రెటీనా బాగా దెబ్బతిన్నా అంతే. మాట వినే ఫోన్ అసలు అక్కరకొచ్చేది వీళ్లకే.

పేర్లతో మొదలుపెట్టండి

గూగుల్ అసిస్టెంట్, జెమిని రెండూ తెలుగు అర్థం చేసుకుంటాయి. సెట్టింగ్స్‌లో భాష తెలుగు పెట్టండి. చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే అసిస్టెంట్ వచ్చేలా మార్చుకోవచ్చు. తెర మీద గుర్తు కనబడదు గానీ, పక్కనున్న బటన్ వేలికి తెలుస్తుంది కదా!

చాలామంది తప్పు చేసేది కాంటాక్టుల దగ్గర. మీ పేరు ఇంగ్లిష్‌లో ఇంటిపేరుతో సహా ఉంటుంది. అవ్వ ఏనాడైనా మిమ్మల్ని అలా పిలిచిందా? ‘చిన్నోడు’, ‘పెద్ద కోడలు’, ‘ఆటో పిలగాడు’... ఆమె నోట ఏ మాట వస్తే అదే తెలుగులో సేవ్ చేయండి. గూగుల్ ఫోన్ యాప్‌లో, ఎవరు చేస్తున్నారో పేరు చదివి చెప్పే సెట్టింగ్ కూడా ఉంది. అదీ ఆన్ చేయండి.

తెర మీద ఉన్నదంతా చదివే టాక్‌బ్యాక్‌ను మొదటిరోజే పెట్టకండి. అందులో ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. డెబ్బై ఏళ్ల చేతికి అది అలవాటు కావడానికి టైం పడుతుంది. ముందు ఫోన్ చేయడం, టైం అడగడం... ఈ రెండూ వస్తే చాలు.

పింఛను డబ్బులు చేతికొచ్చినప్పుడు ఏ నోటో తెలియాలంటే రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన ‘మణి’ యాప్ ఉంది. కెమెరా ముందు నోటు పెడితే విలువ చెబుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. పిన్, ఓటీపీ మాత్రం ఎవరడిగినా నోటితో చెప్పొద్దని గట్టిగా చెప్పండి.

అసిస్టెంట్‌కు చాలా పనుల్లో నెట్ కావాలి. అప్పాపూర్ లాంటి నల్లమల చెంచుపెంటల సంగతి వేరు, సిగ్నల్ లేని చోట ఈ ముచ్చటంతా వృథా. ఇంకో చిక్కు, మన యాస. అవ్వ ‘జెర ఫోన్ కొట్టు’ అంటే ఒక్కోసారి అర్థం కాదు. ఆ మాటలు మిషన్లకు నేర్పాలంటే అలాంటి గొంతులు రికార్డు కావాలి. కేంద్రం ‘భాషిణి’లోని భాషాదాన్‌లో, మొజిల్లా కామన్ వాయిస్‌లో ఎవరైనా తెలుగు గొంతు ఇవ్వొచ్చు.

ఇదే కొలువైతే?

ఇంటర్ బైపీసీ వాళ్లకు ఆప్టోమెట్రీ డిగ్రీ ఒక దారి. చూపు లేనివారికి రోజువారీ పనులు నేర్పే పునరావాస రంగం ఇంకోటి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, సికింద్రాబాద్‌లో ఎన్‌ఐఈపీవీడీ ప్రాంతీయ కేంద్రం ఈ పనిలో ఉన్నాయి. కోర్సుకు పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉందో లేదో చూసుకుని చేరండి.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లు యాక్సెసిబిలిటీ టెస్టింగ్ నేర్చుకోవచ్చు. చూపు లేనివాళ్లు యాప్ వాడగలరా లేదా అని పరీక్షించే పని ఇది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి బ్యాంకులు, కంపెనీలు ఇక పట్టించుకోక తప్పదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, ఇవాళే మీ లాప్‌టాప్‌లో వేసుకుని కళ్లు మూసుకుని ఏదైనా ఒక ఫారం నింపి చూడండి.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు ఎలాగూ వస్తారు కదా! ఈసారి ఒకరోజు ముందే బస్సెక్కండి. వచ్చాక ఫోన్ అవ్వ చేతికే ఇచ్చి మీరు వాకిట్లోకి వెళ్లండి. ఆమె తనంతట తాను మీకు ఫోన్ చేసే దాకా లోపలికి రాకండి.