తాతల పేర్లు వెతికేవారికి: ఇచ్చోడ వైపు అపోహలు – వాస్తవాలు

అపోహ: పాత కాగితాలు లేని కుటుంబానికి చరిత్ర దొరకదు.

ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ, సిరికొండ, ఇంద్రవెల్లి వైపు చాలామంది ఈ మాట అనుకునే వెతకడం మానేస్తారు. కానీ రాజగోండుల వంశాలను తరతరాలుగా నోటితో నిలబెట్టినవాళ్లు పర్ధాన్లు, తోటీలు. గోండు ఇళ్లకు వంశపారంపర్యంగా వచ్చే పర్ధాన్ కుటుంబాలు ఉంటాయి. వంశ దైవం పెర్సాపేన్ పూజలకు, కర్మలకు వచ్చి, కిక్రీ అనే తీగల వాద్యం వాయిస్తూ మూలపురుషుల నుంచి కథ ఎత్తుకుంటారు. గోండుల్లోనే కాదు, మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు ఇలాగే ఉన్నారు. కాబట్టి ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు మీ వంశానికి పాడేవాళ్ల ఇల్లు కనుక్కోండి. అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి. కట్నం ఇవ్వడం మరవద్దు, అది వాళ్ల హక్కు. పురాణం ఎక్కడ ఆగిందో, మీ పెద్దల పేర్లు ఎక్కడ మొదలయ్యాయో నోట్‌బుక్కులో విడివిడిగా రాసుకోండి.

గోండులకు రాతే లేదనడమూ తప్పే. నార్నూరు మండలం గుంజాలలో సొంత లిపిలో ఉన్న గోండి రాతప్రతులు 2006లో వెలుగు చూశాయి.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే ఒకే కుటుంబం.

మెస్రం, ఆత్రం, సిడాం, కుమ్ర అనేవి వంశాల పేర్లు. ఇవన్నీ నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల్లో (వంశాల గుంపుల్లో) ఏదో ఒకదాని కింద వస్తాయి. ఒకే సగలో పెళ్లి కుదరదు. ఇంటిపేరు కలిసిందని పక్క ఊరి తాతను మీ తాతకు తమ్ముడిగా రాసేయకండి. ఇద్దరి తండ్రులెవరో తేలాలి.

అపోహ: ఆధార్‌లో ఉన్నదే పుట్టినరోజు.

జనవరి 1 కనబడితే అనుమానించండి. పెద్దవాళ్లను తేదీ అడిగితే చెప్పలేరు. కొమురం భీం చనిపోయినప్పుడు (1940), పోలీసు చర్యప్పుడు (1948), ఇంద్రవెల్లి కాల్పులప్పుడు (1981 ఏప్రిల్ 20) ఎంత ఉన్నావని అడగండి. "అప్పటికి నాకు పెళ్లయింది", "అప్పుడు చంకలో పిల్లాడు" అనే జవాబులు వస్తాయి. కార్డు మీది తేదీ కన్నా నేను వీటినే నమ్ముతాను.

అపోహ: ఆడవాళ్ల జాడ దొరకదు.

వంశవృక్షాల్లో సగం మంది మాయమయ్యేది ఈ అపోహ వల్లే. మెస్రం వారినే చూడండి. పుష్య అమావాస్య నాడు కేస్లాపూర్‌లో నాగోబా మహాపూజ అయ్యాక, వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. దీన్ని భేటింగ్ అంటారు. అవ్వను "నీ భేటింగ్ ఏ జాతరలో అయింది, నీతోపాటు ఎవరెవరున్నారు?" అని అడిగి చూడండి. ఆమె పెళ్లి ఆ జాతరకు ముందే అయిందని తెలుస్తుంది. తోటికోడళ్ల పేర్లు, వాళ్ల పుట్టిళ్లు కూడా బయటికొస్తాయి.

అపోహ: పహాణీలు (భూమి రికార్డులు) భూమి తగాదాలకే పనికొస్తాయి.

1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరుతో పాటు మామూలుగా తండ్రి పేరూ ఉంటుంది. అప్పటికి పట్టాదారుకు యాభై ఏళ్లుంటే, ఆ తండ్రి 1880ల ప్రాంతంలో పుట్టినవాడు కావచ్చు. ఒక్క వరుసలో రెండు తరాలు! నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి, దాదాపు మన లెక్క వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947-48. ఉర్దూలో ఉంటే చదవగల పెద్దమనిషిని వెతకండి. భూమి లేని ఇళ్ల పేర్లు మాత్రం పహాణీలో మామూలుగా దొరకవు. వాళ్లు మళ్లీ పాడేవాళ్ల దగ్గరికే వెళ్లాలి.